ఆరు వారాలు ఎవరిస్తారు?

"మేడమ్ గారు ఎక్సర్‌సైజులు సరిగ్గా చెయ్యలేదండీ. ఇంప్లాంట్‌లో లోపమేమీ లేదు. ఎక్స్‌రే చూడండి, బ్రహ్మాండంగా ఉంది."

ఆపరేషనయిన ఆరో వారంలో డాక్టరు ఈ మాట అన్నది మా వదినతో కాదు, గోడవారగా కుర్చీలో కూచున్న మా అన్నయ్యతో. వదిన బల్లమీద కాలు చాపుకుని ఉంది. ఫిజియోథెరపిస్టు కుర్రాడు గోనియోమీటర్ అనే ప్లాస్టిక్ కోణమానిని ఆమె మోకాలి పక్కన పెట్టి, వంచగలిగినంత వంచమని, చదివి చెప్పాడు. "డెబ్బై అయిదు." అన్నయ్య నావైపు తిరిగి, "చూశావా! నీకు నూట పద్దెనిమిది వచ్చింది. నీకున్న పట్టుదల మీ వదినకి లేదు" అన్నాడు.

పొగడ్తే. కానీ ఆ క్షణంలో వదిన చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంటూ తలొంచుకున్న తీరు చూశాక ఆ పొగడ్తని నేను మోయలేకపోయాను. నాకు పట్టుదల ఎక్కువని, ఆమెకి తక్కువని అనడం అబద్ధం. ముప్ఫై ఎనిమిదేళ్లు ఉమ్మడి కుటుంబంలో ముగ్గురు ముసలివాళ్లకి మంచంమీద చాకిరీ చేసిన మనిషికి పట్టుదల లేదా? ఇది మా అన్నయ్యకి వ్యతిరేకంగా రాస్తున్న వ్యాసం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ అతనొక్కడే అయితే ఇంట్లో పోట్లాడుకుంటే సరిపోయేది, ఇంత కాగితం ఖర్చు అక్కర్లేదు.

ఇద్దరిదీ ఒకే డాక్టరు, ఒకే ఆస్పత్రి, ఒకే రకం ఇంప్లాంటు. నాకు ఎడమ కాలు, ఆమెకి కుడి కాలు. నాకు అరవయ్యొకటి, ఆమెకి అరవై నాలుగు. నాకు చేసిన నెలకి ఆమెకి చేశారు. ఇంటికి పంపేటప్పుడు మా ఇద్దరికీ ఇచ్చిన కాగితం కూడా ఒకటే. తేడా ఎక్కడొచ్చింది?

మోకాలి మార్పిడి అనే మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. టీవీ మార్చినట్టు పాతది తీసేసి కొత్తది పెడతారనుకుంటాం. నిజానికి అరిగిపోయిన ఎముకల చివర్లని కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, వాటికి లోహపు తొడుగులు తొడిగి, మధ్యలో పాలిథిలీన్ పలక అమరుస్తారు. గంటన్నర, రెండు గంటల పని. ఆ కీలుని కదిపే తొడకండరాన్ని మాత్రం ఎవరూ మార్చరు. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి వాడక అది అప్పటికే చిక్కిపోయి ఉంటుంది. ఆపరేషన్ తరవాత మొదటి నెలలో దాని బలం సగానికి పైగా పడిపోతుంది. కీలులో వాపు ఉన్నంతకాలం నరాల వ్యవస్థ ఆ కండరాన్ని పూర్తిగా బిగుసుకోనివ్వదు. మనం ఎంత గట్టిగా అనుకున్నా కాలు లేవదు. అది బద్ధకం కాదు, శరీరధర్మం. ఇంకోవైపు కోసిన చోటల్లా మచ్చ కణజాలం అల్లుకుంటుంది. మొదటి కొద్ది వారాల్లో కీలుని వంచుతూ చాపుతూ ఉండకపోతే అది గట్టిపడి మోకాలు బిగిసిపోతుంది. అంటే సర్జన్ చేసేది మొదటి సగం. రెండో సగం ఇంట్లో జరగాలి, రోగి చెయ్యాలి. ఆస్పత్రి బిల్లు మొదటి సగానికే వేస్తారు కాబట్టి రెండో సగానికి ఖర్చేమీ లేదని అందరూ అనుకుంటారు.

ఆ రెండో సగం ఎంత పనో లెక్క వేసి చూద్దాం. రక్తం గడ్డకట్టకుండా పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. తొడ బిగించి పది అంకెలు లెక్కపెట్టాలి. మడమని పక్కమీద జారుస్తూ మోకాలు వంచాలి. కాలు నిటారుగా లేపి ఆపాలి. కుర్చీలో కూచుని రెండో కాలితో నొక్కుతూ వంచాలి. అమెరికాలోని ఎముకల వైద్యుల అకాడమీ తన రోగులకి చెప్పే లెక్క ప్రకారం మొదట్లో ఇవి 20 నుంచి 30 నిమిషాలు, రోజుకి రెండుమూడు సార్లు కూడా చెయ్యొచ్చు. అదికాక 30 నిమిషాల నడక, అదీ రెండుమూడు సార్లు. ప్రతిసారీ తరవాత కాలు గుండెకంటే ఎత్తులో పెట్టుకుని ఐసు పెట్టుకోవాలి. వ్యాయామానికి ముందు మాత్ర వేసుకుని అది పనిచేసేదాకా ఆగాలి. కలిపితే రోజుకి మూడు నాలుగు గంటలు, అచ్చంగా తన కాలికోసం. మిగతా పగలంతా విశ్రాంతి.

ఇప్పుడు ఇంకో లెక్క. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద సగటున రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! దాదాపు అయిదు గంటల ఇంటిపని ఉన్న రోజులోకి మూడు నాలుగు గంటల మోకాలిపని ఎలా వచ్చి చేరుతుంది? ఆ అయిదు గంటల్ని ఇంకెవరైనా ఎత్తుకోవాలి. ఎవరు? ఆస్పత్రి కాగితంలో ఆ ప్రశ్నే లేదు. "పూర్తి విశ్రాంతి, రోజుకి మూడుసార్లు వ్యాయామం, పోషకాహారం" అని ఉంది. పోషకాహారం తనంతట తాను కంచంలోకి రాదని రాసినవాళ్లకి తెలియదా? తెలుసు. వాళ్ల కళ్లముందు ఉన్న రోగి భార్య ఉన్నవాడు, అంతే. రోగే భార్య అయినప్పుడు ఆ కాగితం ఎలా అమలవుతుందో వాళ్లెప్పుడూ ఆలోచించలేదు.

మా వదిన తెనాలి వెళ్లాక ఏం జరిగిందో నేను తరవాత అడిగి తెలుసుకున్నాను. అప్పటికి నా కాలే నాకు పెద్ద సంగతి. ఫోన్ చేస్తే "బానే ఉంది అమ్మాయ్" అనేది. నేనూ నమ్మేశాను. నమ్మడం నాకు సౌకర్యంగా ఉంది.

మొదటి వారం కోడలు సెలవు పెట్టింది. రెండో వారంనుంచి బడికి వెళ్లాలి, ఆమెది ప్రైవేటు స్కూలు ఉద్యోగం, వెళ్లకపోతే జీతం కోత. కొడుకు మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. పెట్టాలని ఎవరికీ తోచలేదు, వదినక్కూడా. పన్నెండో రోజునుంచి ఆమె వాకరు పట్టుకుని వంటింట్లో ఉంది. ఎవరూ చెయ్యమనలేదట. నిజమే, మన ఇళ్లల్లో ఎవరూ చెయ్యమనరు. "నువ్వు పడుకోవే, మేం హోటల్నుంచి తెచ్చుకుంటాంలే" అని మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకలాంటి ముఖంతో అంటారు. ఆ ముఖం చదవడం మనకి పెళ్లయిన మొదటి ఏడాదే వస్తుంది.

పరామర్శల సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున, ఆదివారం, పదకొండుమంది చూడ్డానికొచ్చారు. చూడ్డానికొచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వాలి కదా. కోడలు పిల్లాణ్ణి డాన్సు క్లాసుకి తీసికెళ్లింది. పరామర్శకొచ్చినవాళ్లకి కాఫీ కలిపింది రోగే. "అప్పుడే లేచి తిరిగేస్తున్నారే, ఎంత ఓపికండీ మీకు!" అని మెచ్చుకుని వెళ్లారు.

ఇంకొకటి. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు పాతికేళ్ల కుర్రాడు. మోకాలు వంచాలంటే చీర, నైటీ ఏదైనా తొడదాకా జరపాలి. అతను ఒకచేత్తో తొడ, ఒకచేత్తో మడమ పట్టుకోవాలి. నొప్పికి ఆమె అరవాలి. ఆ అరుపులు పక్క వాటాలోకి వినిపిస్తున్నాయని అన్నయ్యకి ఇబ్బంది. కోడలి ముందు, మనవడి ముందు తొడ కనిపిస్తుందని ఆమెకి ఇబ్బంది. ఇళ్లకొచ్చే ఆడ ఫిజియోథెరపిస్టు వాళ్ల వీధుల్లో దొరకలేదు. అయిదు రోజుల తరవాత "మేమే చేయించుకుంటాంలే" అని అతన్ని మానిపించారు. నలభై ఏళ్లు ఆ నొప్పిని నోరు మూసుకుని భరించినందుకు మెచ్చుకున్న ఇల్లు, బాగుపడే నొప్పికి ఆమె గొంతెత్తి అరిస్తే తట్టుకోలేకపోయింది.

"ఇంటిపని కూడా ఎక్సర్‌సైజే కదా, నడుస్తూనే ఉంటుందిగా!" అన్నాడు అన్నయ్య. చదువుకున్నవాళ్లే ఈ మాట అంటారు. కాదు. పొయ్యి దగ్గర గంట నిలబడితే మోకాలు పూర్తిగా వంగదు, పూర్తిగా చాపుకోదు. మధ్యలో ఎక్కడో కొంచెం వంగి బిగుసుకుని ఉంటుంది. కాలు కిందికి వేలాడి వాపు పెరుగుతుంది. వాపు పెరిగితే తొడకండరం మళ్లీ మొరాయిస్తుంది. సాయంత్రానికి నొప్పి ఎక్కువై చెయ్యాల్సిన వ్యాయామం మానేస్తుంది. పడుకునేటప్పుడు హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకుంటుంది. ఆ దిండు పెట్టకూడదు, పెడితే కాలు పూర్తిగా చాపడం రాదు. వదినకి ఇప్పుడు కాలు పది డిగ్రీలు తక్కువగా చాపుకుంటుంది, అందుకే కుంటు. పన్నెండు గంటల చాకిరీ చేసిన కాలు "ఎక్సర్‌సైజులు చెయ్యని" కాలయింది!

డెబ్బై అయిదు డిగ్రీలంటే ఏమిటో చదివేవాళ్లకి చెప్పాలి. నేల చదునుగా ఉంటే నడవడానికి దాదాపు అరవై, డెబ్బై చాలు. మెట్లెక్కడానికి ఎనభై పైన కావాలి. దిగడానికి, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడానికి తొంభై, ఇంకా పైన. గొంతుక్కూచోవాలంటే నూట ఇరవై దాటాలి. మా అన్నయ్యవాళ్లది మేడమీద వాటా. డెబ్బై అయిదు డిగ్రీలతో ఆమె ఆ వాటాలోనే ఉంటుంది. గుడికి, కూతురింటికి, మా ఇంటికి రావాలంటే ఎవరో ఒకరు పట్టుకుని దింపాలి, వాళ్లకి తీరికుండాలి. అన్నయ్య లెక్కలో ఆపరేషన్‌కి నాలుగు లక్షలయింది. ఆ లెక్క అతను రోజుకోసారి చెబుతాడు. ఆరు వారాలు ఇవ్వకపోవడం వల్ల ఆ నాలుగు లక్షలూ వృథా అయ్యాయన్న లెక్క మాత్రం ఎవరూ కట్టరు.

డాక్టర్లకి దీన్లో భాగం లేదా? ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2019 నాటికి 52 కోట్ల 80 లక్షలమందికి ఆస్టియో ఆర్థరైటిస్ ఉంది, వాళ్లలో అరవై శాతం స్త్రీలు. అన్ని కీళ్లలోకీ ఎక్కువగా అరిగేది మోకాలే. ఇది ఆడవాళ్ల జబ్బని తెలిసీ ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగరు. అడగకపోవడం ఆపరేషన్‌కి ముందే మొదలవుతుంది. కెనడాలో 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఒకే స్థాయి మోకాలి జబ్బు ఉన్న ఒక పురుషుణ్ణి, ఒక స్త్రీని, ఒకేరకంగా బాధ చెప్పుకునేలా తర్ఫీదిచ్చి, 71 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. పురుషుడికి మోకాలి మార్పిడి సిఫార్సు చేసినవాళ్లు 67 శాతం. స్త్రీకి 33 శాతం. అదే మోకాలు, అవే మాటలు! మన దగ్గర అలా పరీక్షిస్తే ఏం తేలుతుందో గానీ, నాకు మాత్రం నలభై ఎనిమిదేళ్లప్పటినుంచి వరసగా ముగ్గురు డాక్టర్లు "బరువు తగ్గండి, వయసు కదా" అనే చెప్పారు. ఒక్కరూ తొడకండరం బలపరుచుకోమని చూపించలేదు. ఆపరేషన్‌కి ముందు బలపరుచుకుంటే తరవాత కోలుకోవడం సులువని నాకు కోయించుకున్నాకే తెలిసింది.

మార్కెట్టుకి మాత్రం మనం స్త్రీలమని బాగా గుర్తుంది. 2006లో ఒక అమెరికన్ కంపెనీ ఆడవాళ్లకోసం ప్రత్యేకమైన మోకాలు తయారుచేశామని ప్రచారం చేసి అమ్మింది. మామూలు దానికంటే దానివల్ల ఎక్కువ మేలేమీ కనబడలేదని తరవాతి పరిశోధనలు తేల్చాయి. మోకాలి ఆకారంలో తేడా వెతికారు కానీ ఆ మోకాలు ఏ ఇంటికి తిరిగి వెళుతుందో అందులో ఉన్న తేడా వెతకలేదు. మన దేశంలో 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధరలకి ప్రభుత్వం పరిమితి పెట్టింది. అప్పటిదాకా సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంటు 54,720కి దిగింది. మంచి పనే, నేను కాదనను. కానీ దిగింది లోహం ధర. ఆ లోహాన్ని నా కాలుగా మార్చే మనుషుల పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నా బీమా కంపెనీ ఆస్పత్రి బిల్లంతా కట్టింది. ఫిజియోథెరపిస్టుకి కొంత కట్టింది. నన్ను చూసుకున్న మనిషి జీతం అడిగితే "అటెండెంటు వైద్యఖర్చు కాదు" అని రాసి పంపింది. ఆ మనిషి లేకపోతే నాకు నూట పద్దెనిమిది వచ్చేదా?

రాదు. ఇక్కడే నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా పైదంతా చెబితే అన్యాయం.

నాకు ఆరు వారాలు ఎవరో దయచేసి ఇవ్వలేదు, నేను కొనుక్కున్నాను. పెన్షన్ ఉంది, ఒక్కదాన్నే ఉంటాను. మొదటి పదిహేను రోజులు మా అమ్మాయి బెంగళూరునుంచి వచ్చి ఉంది. తరవాత ఏజెన్సీ ద్వారా పన్నెండు గంటల డ్యూటీకి ఒకామెని పెట్టుకున్నాను. ఏజెన్సీకి నేను నెలకి పాతికవేలు కడితే ఆమె చేతికి పద్నాలుగు వచ్చేవి. ఆమెకి యాభై రెండేళ్లు. నా కాలికింద తువ్వాలు చుట్టి పెట్టి, నా పాదం పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం అమ్మా" అంటూ మడమని వెనక్కి జరిపించేది. నేను బూతులు తిట్టినా నవ్వేది. నేను మంచంమీద, ఆమె కింద గొంతుక్కూచుని. ఐసు తేవడానికి లేచినప్పుడల్లా తన మోకాలిమీద చెయ్యి ఆనించి లేచేది. ఆ కీలు చప్పుడు నాకు మంచంమీదికి వినిపించేది. మూడు వారాలు విన్నాక అడిగాను. సిగ్గుతో చెబుతున్నాను, మూడు వారాలు పట్టింది.

"ఎక్స్‌రే దీసిండ్రమ్మా. రెండు మోకాళ్లు అరిగినయన్నరు. ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. చేపిచ్చుకుంటే మూన్నెల్లు పనికి పోవద్దంట. మూన్నెల్లు ఎవరు పెడ్తరు?"

వదినకి డబ్బుంది, సమయం ఇవ్వలేదు. ఈమెకి రెండూ లేవు. నాకు రెండూ ఉన్నాయి, ఎందుకంటే ఈమె తన సమయం నాకు అమ్మింది. ముప్ఫై ఏళ్లుగా నేలమీద గొంతుక్కూచుని గుడ్డపెట్టి ఇళ్లు తుడిచి, గిన్నెలు తోమి, బట్టలుతికి అరిగిన మోకాళ్లవి. ఆ ఇళ్లల్లో మన ఇళ్లూ ఉన్నాయి. మోకాళ్లమీద ఎక్కువసేపు కూచుని, గొంతుక్కూచుని, బరువులెత్తే పనులు కీళ్లని అరగదీస్తాయని వైద్యశాస్త్రానికి తెలుసు. అదే పని ఇంట్లో ఆడది చేస్తే అది పనివల్ల వచ్చిన జబ్బుగా ఎవరూ రాసుకోరు. "కర్ర మాపుతో తుడిస్తే మూలలు శుభ్రంగా రావు" అని నేనూ అన్నదాన్నే.

మన సాహిత్యం గురించి కూడా ఒకమాట. స్త్రీవాదం తెలుగులో శరీరం గురించి మాట్లాడే ధైర్యం తెచ్చింది. 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది, 1993లో 'నీలిమేఘాలు' వచ్చింది. కొండేపూడి నిర్మల లేబర్ రూమ్ గురించి, విమల వంటిల్లు గురించి రాశారు. ఆ కవిత్వం చదివి నిలబడ్డ తరం మాది. కానీ మన శరీరం ఎక్కువగా బహిష్టయ్యే, కనే, కోరుకునే శరీరంగానే రాతల్లో మిగిలిపోయింది. ఆ కవిత్వం రాసినవాళ్లకీ చదివినవాళ్లకీ ఇప్పుడు అరవైలు దాటుతున్నాయి. సభల్లో వేదికకి ఉన్న మూడు మెట్లు ఎక్కడానికి మనలో ఎంతమంది పక్కవాళ్ల భుజం వెతుక్కుంటున్నామో చూస్తూనే ఉన్నాం. అయినా లిఫ్టు లేని రెండో అంతస్తులోనే సభలు పెడతాం. నొప్పిని వయసు ఖాతాలో వేసి ఊరుకుంటున్నాం. బహిష్టు నొప్పిని "ఆడదన్నాక తప్పదు" అంటే ఒప్పుకోనివాళ్లం, దీన్ని ఎలా ఒప్పుకుంటున్నాం?

"ఆడవాళ్లే వినరండీ, పడుకోమంటే పడుకోరు" అనే వాదన ఇంకా మిగిలి ఉంది. దీన్ని నేను తేలిగ్గా కొట్టెయ్యను. వదినకి నిజంగానే పడుకోవడం రాదు. పడుకుంటే తనెవరో తనకి తెలియదు. కానీ అది ఆమె స్వభావం అనేవాళ్లని ఒకటడుగుతాను. మా అన్నయ్యకి పదేళ్లకిందట కాలు విరిగినప్పుడు రెండు నెలలు పడుకున్నాడు. అతనికి పడుకోవడం ఎవరు నేర్పారు? మంచం దగ్గరికి కంచం వస్తే ఎవరికైనా పడుకోవడం వస్తుంది.

కాబట్టి నేనడిగేవి ఇవి. మోకాలి ఆపరేషన్ ప్యాకేజీలో, అది ప్రైవేటుదైనా ప్రభుత్వానిదైనా, కనీసం ఆరు వారాల ఫిజియోథెరపీ భాగంగా ఉండాలి. విడిగా కొనుక్కునేది కాకూడదు. చూసుకునే మనిషి జీతం వైద్యఖర్చే, బీమా అది కట్టాలి, ఆ డబ్బులో సగం ఏజెన్సీ మింగకుండా కట్టాలి. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం కాగితాల్లో జిల్లా ఆస్పత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపీ ఉంది. ఆ కాగితాల్లో ఉన్నది ఊళ్లల్లో ఎంత ఉందో మనం వెళ్లి అడగాలి. ఇళ్లకి వెళ్లే ఆడ ఫిజియోథెరపిస్టులు కావాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల మోకాళ్లు పనివల్ల పోయాయని ఒప్పుకుని వైద్యం, ఆ మూణ్ణెల్లకి భత్యం ఇవ్వాలి.

ఇంకొకటి, దీనికి ప్రభుత్వం అక్కర్లేదు. ఆపరేషన్‌కి ముందు మొగుడిచేత, కొడుకుచేత సంతకం పెట్టించుకుంటారు కదా, మత్తులో ఏదైనా జరిగితే మాకు తెలుసని. దాంతోపాటు ఇంకో కాగితం పెట్టండి. "ఈమె ఇంటికొచ్చాక ఆరు వారాలు వంట ఎవరు చేస్తారు? పేరు రాయండి." రాయలేకపోతే డాక్టరు కత్తి పట్టుకునేముందు ఆలోచించాలి. ఆరో వారంలో డెబ్బై అయిదు చదివినప్పుడు ఆమెని కాదు, ఆ పేరుగల మనిషిని బల్లదగ్గరికి పిలిచి అడగాలి.

మూడు నెలల లోపల మత్తిచ్చి మోకాలు వంచే అవకాశం ఉందన్నారు. "మళ్లీ ఖర్చా" అన్నారు ఇంట్లో. ఆ గడువు దాటిపోయింది. పోయిన నెల నేను తెనాలి వెళ్లి వదినని కారెక్కించుకుని హైదరాబాదు తెచ్చుకున్నాను. అన్నయ్య, "మరి ఇక్కడ మాకు?" అన్నాడు. "పేరు రాసుకోండి" అన్నాను. అతనికి అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

మా ఇంట్లో మొదటి మూడు రోజులూ ఆమె పొద్దున్నే లేచి నా వంటింట్లోకే వెళ్లింది. "ఊరికే కూచుంటే నాకే ఏదోలా ఉంది అమ్మాయ్" అంటుంది. నన్ను చూసుకున్న ఆమెనే మళ్లీ పిలిచాను, ఈసారి ఏజెన్సీ లేకుండా, ఇరవై వేలకి, ఎనిమిది గంటలకి. ఆమె కూచోడానికి ఎత్తు స్టూలు కొన్నాను. దీనితో లెక్క సరిపోయిందని నేననుకోవడం లేదు. ఆమె ఎక్స్‌రే ఇంకా ఆమె సంచిలోనే ఉంది. ఆమె మూణ్ణెల్లకి ఏం చెయ్యాలో ముగ్గురం కూచుని మాట్లాడుకుంటున్నాం, ఇంకా తేలలేదు.

వదిన నిన్న గట్టిగా అరిచింది. పక్క ఫ్లాటు వాళ్లకి వినబడే ఉంటుంది. గోనియోమీటరు ఎనభై ఆరు చూపించింది. మెట్లెక్కడానికి చాలు. దిగడానికి ఇంకా చాలదు.